ఒకే తేదీన పుట్టిన ఇద్దరితో పాటల సాయంత్రం: జాబితా నుంచి మైకు దాకా

హైదరాబాద్ కాలనీల్లో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో పాటల సాయంత్రాలు ఎక్కువగా ఒక్కరి పుట్టినరోజు మీదే నడుస్తాయి. జూన్ 4 వస్తే బాలు, జనవరి 6 వస్తే రెహమాన్. అలా కాకుండా ఒకే తేదీన పుట్టిన ఇద్దరిని కలిపి పెడితే కార్యక్రమానికి వేరే కళ వస్తుంది. అయితే తేదీ నిజమైనదై ఉండాలి, ఆ ఇద్దరి పాటల మధ్య చెవికి అందే చుట్టరికం ఉండాలి. మొదటిది తప్పితే సభలో ఎవరో ఒకరు ఫోన్ తీసి చూపిస్తారు. రెండోది లేకపోతే క్యాలెండర్ చదివినట్టు ఉంటుంది.

జత దొరకడం కష్టమేమీ కాదు. ఏ 23 మంది పేర్లు రాసినా అందులో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైనే. 57 మంది అయితే 99 శాతం. 150 పేర్లు రాసుకుంటే సగటున 30 జతలు తేలతాయి. కాబట్టి తేదీ కలిసిందన్న సంబరంతో మొదటి జతనే పట్టుకోవద్దు. 30 తేల్చుకుని, పాడదగ్గవి మూడు నాలుగు ఏరుకోవాలి.

పేర్లను ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్‌లోనో వేయండి. పుట్టిన తేదీ మొత్తాన్ని ఒకే గడిలో పెట్టొద్దు. 1900కు ముందు తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. అమెరికా వాళ్లు 8/4 అని రాస్తే ఆగస్టు 4, మనం చదివితే ఏప్రిల్ 8. అందుకని సంవత్సరానికి ఒక గడి, నెల-రోజుకు నాలుగంకెల గడి పెట్టండి: ఆగస్టు 4 అయితే 0804. ఆ వరుస మొత్తాన్నీ ముందే టెక్స్ట్‌గా మార్చాలి. కొన్ని గడులు అంకెలుగా, కొన్ని టెక్స్ట్‌గా ఉండిపోతే వరుస పెట్టినప్పుడు ఒకే తేదీ రెండు చోట్ల పడుతుంది, జత కళ్లముందే ఉన్నా కనబడదు. పక్కన ఇంకో రెండు గడులు ఆధారాలకు వదలండి.

అసలు శ్రమంతా ఆ ఆధారాల దగ్గరే. పది వెబ్‌సైట్లలో ఒకే తేదీ ఉందంటే పది ఆధారాలని కాదు, చాలాసార్లు ఒకరిది చూసి తొమ్మిది మంది ఎక్కించుకున్నారని. అమెరికా జాజ్ గాయకుడు, ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతే చూడండి. 1900 జులై 4న పుట్టానని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. 1971లో పోయారు. ఆ తర్వాత 1980ల్లో న్యూ ఆర్లీన్స్ చర్చిలో బాప్టిజం రికార్డు బయటపడితే అసలు తేదీ 1901 ఆగస్టు 4 అని తేలింది. పాత పుస్తకం పట్టుకున్నవారు ఆయన్ని జులై 4న పుట్టిన కీరవాణి పక్కన కూర్చోబెడతారు. రికార్డు చూసినవారు ఆగస్టు 4న, కిషోర్ కుమార్ పక్కన. మొత్తం కార్యక్రమమే మారిపోతుంది.

మన దగ్గరా చిక్కులున్నాయి. ఇళయరాజా పుట్టింది జూన్ 3న. అది కరుణానిధి పుట్టినరోజు కావడంతో, ఆయన మీద గౌరవం కొద్దీ జూన్ 2న జరుపుకుంటారు. ఇలాంటిచోట 'పుట్టిన తేదీ', 'జరుపుకునే తేదీ' అని విడిగా రాసుకోండి, వేదిక మీద కూడా అలాగే చెప్పండి. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి జరుగుతుంది. అది తిథి, పైగా నిర్యాణ దినం, పుట్టినరోజు జాబితాలోకి రాదు. జర్మన్ స్వరకర్త బాఖ్ పుట్టినరోజు పాత క్యాలెండర్ ప్రకారం మార్చి 21, కొత్త లెక్కన మార్చి 31. బీథోవెన్‌కు రికార్డులో దొరికేది 1770 డిసెంబర్ 17న జరిగిన బాప్టిజమే. పాత తెలుగు గాయకుల విషయంలో వెబ్‌ను వదిలి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేయడం మంచిది. ఒక్క జాగ్రత్త: మరణ వార్తల్లో వయసు ఇస్తారు, తేదీ ఇవ్వరు. వయసు తీసేసి సంవత్సరం కట్టుకుంటే ఒక ఏడాది అటూఇటూ అవుతుంది.

ఇక జతలు. ఏప్రిల్ 7న సితార్ విద్వాంసుడు రవిశంకర్ (1920), జాజ్ గాయని బిల్లీ హాలిడే (1915). సెప్టెంబర్ 16న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి (1916), బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ (1925). రెండూ వినడానికి గొప్పగా ఉంటాయి, కాలనీ గాయకులు పాడటానికి మాత్రం కష్టం, రికార్డులు వినిపించే సభకు ఉంచుకోండి. సెప్టెంబర్ 8న ఆశా భోస్లే (1933), భూపేన్ హజారికా (1926) తేలిగ్గా నడిచే జత. సెప్టెంబర్ తేదీలు పెట్టుకుంటే ఆ ఏడాది చవితి, నిమజ్జనం ఎప్పుడో ముందు చూసుకోవాలి. నిమజ్జనం రోజు ఊరు దాటి ఎవరూ రాలేరు.

అన్నిటికంటే మంచిది జూన్ 24. తమిళ కవి కణ్ణదాసన్ 1927లో, సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ 1928లో అదే తేదీన పుట్టారు. ఒకరు రాస్తే ఒకరు బాణీ కట్టారు. కణ్ణదాసన్ తమిళం ఇక్కడివాళ్లకు తెలియదన్న భయం అక్కర్లేదు. 1976 నాటి 'అంతులేని కథ'కు మూలమైన 1974 తమిళ చిత్రానికి పాటలు రాసింది ఆయనే, రెండింటికీ సంగీతం విశ్వనాథన్‌దే. తెలుగులో రాసింది ఆత్రేయ. 'దేవుడే ఇచ్చాడు వీధి ఒకటి' తీసుకుని మొదటి చరణం తమిళంలో, రెండోది తెలుగులో పాడించండి. బాణీ అదే కనుక జనం తమిళ చరణంలోనే పాటను గుర్తుపట్టేస్తారు. తెలుగు మొదలవగానే గొంతు కలుపుతారు.

ఆగస్టు 4 జతకు గొంతు విన్యాసం కావాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ మాటల్లేకుండా పాడే స్కాట్, గొంతును మామూలు స్వరం నుంచి సన్నని స్వరానికి గబగబా మారుస్తూ కిషోర్ పాడే యోడలింగ్ పక్కపక్కన పెట్టండి. మధ్యలో వంతెనగా అమెరికా కంట్రీ గాయకుడు జిమ్మీ రోజర్స్ ఉన్నారు: ఆయన 1930లో రికార్డు చేసిన తొమ్మిదో 'బ్లూ యోడల్'లో ట్రంపెట్ ఊదింది ఆర్మ్‌స్ట్రాంగే. రోజర్స్ లాంటివాళ్ల రికార్డులు విని కిషోర్ యోడలింగ్ పట్టుకున్నారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. ఆ రికార్డు ఒక్క నిమిషం వినిపించి కిషోర్ పాట అందుకుంటే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు.

గంటన్నరకు 12 పాటలు. పాటకు ఐదు నిమిషాలు, పరిచయానికి నిమిషంన్నర, మిగతా పన్నెండు నిమిషాలు మైకులు చేతులు మారడానికి పోతాయి. తేదీని ఆదివారానికి జరపొద్దు, ఆ తేదీ కోసమే కదా సభ. పనిరోజైతే హైటెక్ సిటీ నుంచి వచ్చేవాళ్లను లెక్కేసుకుని ఏడున్నరకు మొదలుపెట్టండి. జూన్ చివర, ఆగస్టులో వాన ఖాయం అనుకుని హాల్లోనే పెట్టుకోండి.

కరోకే ట్రాకులు ముందే ఫోన్‌లోకి దించుకోండి, సెల్లార్ హాళ్లలో సిగ్నల్ ఉండదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైరుతో మిక్సర్‌కు కలపండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, తెర మీద సాహిత్యం చూసి పాడేవారు ముందే ఎత్తుకుంటారు. స్కేల్ మార్చాల్సివస్తే రెండు మూడు మెట్లలో ఆపండి. అంతకు మించితే డ్రమ్స్ మొద్దుబారి, తబలా నీళ్లలో కొట్టినట్టు వినిపిస్తుంది. స్పీకర్లు గాయకుల కంటే ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మైకు పట్టుకున్నవారు స్పీకర్ ముందుకు వచ్చారంటే కూత మొదలైనట్టే. రెండు వైర్‌లెస్ మైకులతో పాటు ఒక వైరు మైకు ఉంచండి. బ్యాటరీ చచ్చిపోయేది సరిగ్గా పల్లవి మధ్యలోనే.

టికెట్ పెట్టినా, స్పాన్సర్ బ్యానర్ కట్టినా పాటల హక్కుల సంస్థల లైసెన్సు సంగతి ముందే తేల్చుకోండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. నివాస ప్రాంతాల్లో శబ్దానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. పది దాటితే బయట మైకు నిషేధం, కాబట్టి చివరి పాట తొమ్మిదిన్నరకల్లా అయిపోయేలా వరుస రాసుకోండి.