వెనక డిస్క్ బ్రేక్ పట్టేస్తా ఉంటే, 2వ భాగం: పిన్నులా, పిస్టనా?

బైక్ వెనక బ్రేక్ వదిలినా చక్రం ఫ్రీగా తిరక్కపోతే, బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) కొంచెం లూజ్ చేసి చక్రం తిప్పి చూడమని పోయిన భాగంలో చెప్పా గదా, అట్ల చేయగానే చక్రం ఫ్రీ అయినవాళ్ళు కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కి పట్టే భాగం) జోలికి పోబాకండి, మీకు ప్రెషర్ పైన మాస్టర్ సిలిండర్లోనో (పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) గొట్టంలోనో ఇరుక్కుంటా ఉంది, ముందు పెడల్‌కి ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టకముందు ఉత్తగా కదిలే కొంచెం దూరం) ఉందో లేదో చూసుకోండి. నిపుల్ విప్పినా కదల్లేదంటే కాలిపర్ దించాల్సిందే.

మైపాడు, కొత్తపట్నం పక్కన, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బళ్ళకి ఉప్పు గాలీ ఉప్పు బురదా రెండూ తగుల్తాయి, వెనక కాలిపర్ చక్రం పక్కనే ఉంటది కాబట్టి ఆ బురదంతా దాని మీదే.

రెండు బోల్టులు తీసి కాలిపర్‌ని తీగతో కట్టండి, గొట్టానికి వేలాడనీయొద్దు. ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని నెట్టే గుండ్రటి ముక్క) వైపుది బాగా అరిగి రెండోది మందంగా ఉంటే మామూలుగా తప్పు స్లైడ్ పిన్నులదే, ఎందుకంటే పిస్టన్ ఒక పక్కనే ఉంటది, అవతలి ప్యాడ్ డిస్క్‌ని పట్టుకోవాలంటే కాలిపర్ మొత్తం ఆ పిన్నుల మీద జరగాల. పిన్నులు లాగి తుప్పు తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు పల్చగా పూయండి. బేరింగులకి వాడే గ్రీజు మాత్రం వద్దు, పిన్ను మీది రబ్బరు బూటు (తొడుగు) ఉబ్బిపోతది.

పిన్నులు బాగానే జరుగుతుంటే ఇక పిస్టన్. డిస్క్ ఉండే చోట చెక్క ముక్క అడ్డం పెట్టి పెడల్ మెల్లగా నొక్కితే కొంచెం బయటికొస్తది, చుట్టూ సబ్బు నీళ్ళు, పాత టూత్ బ్రష్‌తో కడిగి, పైన బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి ఆయిల్ పొంగకుండా చూసుకుంటా చేత్తో వెనక్కి నెట్టండి. పోలేదంటే పూర్తిగా బయటికి తీయాల.

ఇక్కడ చాలామంది పిస్టన్ తుడిచేసి, సీల్ (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) కింద గాడిని వదిలేస్తారు, నాకు నిజంగా బాధేసేది ఇదే. పిస్టన్‌ని వెనక్కి లాగే స్ప్రింగేమీ లేదు. బ్రేక్ నొక్కినప్పుడు సీల్ పిస్టన్‌తో పాటు కొంచెం వంగి, వదలగానే మళ్ళీ నిటారవుతా దాన్ని లాక్కొస్తది, అంతే. గాడిలో తెల్లగా పొడి పేరుకుంటే సీల్ పిస్టన్‌ని గట్టిగా బిగించేస్తది, కొత్త పిస్టన్ వేసినా పట్టేస్తది. వెదురు పుల్లతో గోకండి, స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడి లీకవుతది. కొత్త సీల్‌ని కొత్త బ్రేక్ ఆయిల్లో ముంచి వేళ్ళతోనే కూర్చోబెట్టండి. పిస్టన్ మీద గుంటలు పడుంటే అది కూడా మార్చండి, రుద్దితే పోదు.

పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్ళు పోయండి.

వచ్చే భాగం బ్లీడింగ్, అంటే ఆయిల్లోని గాలి తీసేయడం. డబ్బా మూత మీద డాట్ 3 అనుందా డాట్ 4 అనుందా (అవి బ్రేక్ ఆయిల్ రకాలు) చూసి ఆ రకందే సీలు తీయని సీసా, ఒక పారదర్శకమైన సన్న ట్యూబు తెచ్చి పెట్టుకోండి. పిస్టన్ బయటికి తీసినవాళ్ళు అది అయ్యేదాకా బండి రోడ్డెక్కించొద్దు.