కవలల కాన్పు, 3వ పాఠం: మొదటి బిడ్డ తల ఎటు ఉంది?

మాయ ఒకటా రెండా అన్నది 11 నుంచి 14 వారాల మధ్య తీసిన స్కాన్‌లో ఎలా చూడాలో పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఆ కాగితం తీసి, పక్కనే ఈమధ్య తీయించిన స్కాన్ రిపోర్టు పెట్టుకోండి.

కవలలనగానే ఇంట్లో "ఆపరేషనే కదా, మంచి రోజు చూద్దాం" అనేస్తారు. అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగినవే. కానీ ముందు రిపోర్టు చదవాలి.

బిడ్డలను అందులో ఎ, బి అని రాస్తారు. దారికి దగ్గరగా ఉన్న బిడ్డ ఎ. ఆ బిడ్డకు 'ప్రెజెంటేషన్' అన్నచోట ఏముందో వేలు పెట్టి చూడండి. సెఫాలిక్ అంటే తల కిందికి ఉంది. బ్రీచ్ అంటే ఎదురుకాళ్లు. ట్రాన్స్‌వర్స్ అంటే అడ్డంగా ఉంది. ఎ తల కిందికి ఉంటే, వేరే ఇబ్బంది లేకపోతే, నార్మల్ గురించి డాక్టరును ధైర్యంగా అడగవచ్చు. లేకపోతే ఎక్కువగా ఆపరేషనే చెబుతారు.

బి దగ్గర బ్రీచ్ అని కనిపిస్తే చాలామందికి గుండె గుభేల్మంటుంది. టెన్షన్ పడకండి. మొదటి బిడ్డ పుట్టాక రెండో బిడ్డకు చోటు దొరుకుతుంది, ఎటైనా తిరగవచ్చు. లేబర్ రూమ్‌లో ఆ సమయంలో ఒకరు తల్లి పొట్టకు రెండు వైపులా అరచేతులు ఆనించి, బిడ్డ అడ్డం తిరగకుండా నిలువుగా పట్టి ఉంచుతారు. డాక్టరు స్కాన్‌తో చూసి, అవసరమైతే కాళ్లు పట్టి బయటికి తీస్తారు. నర్సుగా ఆ కొద్ది నిమిషాల్లో నా కళ్లు మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు మీదే ఉంటాయి.

2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, మొదటి బిడ్డ తల కిందికి ఉన్న 2,800 మంది తల్లులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆపరేషన్, రెండో గుంపుకు నార్మల్ అనుకున్నారు. బిడ్డలు చనిపోవడం లేదా తీవ్రంగా దెబ్బతినడం మొదటి గుంపులో 2.2 శాతం, రెండో గుంపులో 1.9 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే నార్మల్ అనుకున్నవారిలోనూ దాదాపు 44 శాతం మందికి చివరికి ఆపరేషనే అయింది. అందుకని మనసును రెండింటికీ సిద్ధం చేసుకోండి. "రెండో బిడ్డను కాళ్లు పట్టి తీసిన అనుభవం ఉన్న డాక్టరు, మత్తు డాక్టరు రాత్రిపూట కూడా ఉంటారా?" అని ముందే అడగండి. లేరంటే ఆసుపత్రి మార్చుకోవడం తప్పు కాదు.

ఇద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉంటే మాత్రం బొడ్డుపేగులు మెలిపడే ప్రమాదముంది. తల ఎటున్నా, సాధారణంగా 32-34 వారాల్లోనే ఆపరేషన్ చేస్తారు.

ముహూర్తం మాట. అంతా బాగుంటే మాయలు వేరైనవారికి 37-38 వారాలు, మాయ ఒకటైతే సుమారు 36 వారాలు ఆగుతారు. మంచి రోజు కోసం అంతకన్నా ముందుకు జరపమని దయచేసి అడగకండి. ఆ వారం బిడ్డల ఊపిరితిత్తులకు కావాలి.

అభ్యాసం: 37 వారాలు. మాయలు రెండు. ఎ సెఫాలిక్, 2,300 గ్రాములు. బి బ్రీచ్, 2,150 గ్రాములు. ఈ తల్లి డాక్టరును అడగాల్సిన మూడు ప్రశ్నలు రాయండి. ఆ రెండు బరువుల మధ్య తేడా ఎంత శాతమో కూడా లెక్కగట్టి ఉంచండి, 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.