హాస్కెల్‌కి ఏ ఎడిటర్? ముందు టైపు చెప్పేది చూసుకోండి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టే జూనియర్లు నన్ను ముందుగా అడిగేది ఏ ఎడిటర్ పెట్టుకోవాలనే. ఎడిటర్ సంగతి తర్వాత చూద్దాం అంటాను. సేవ్ కొట్టగానే టైపేంటో (అంటే ఆ విలువ సంఖ్యో, అక్షరాలో, ఏ రకమో), తప్పెక్కడో మీకు చెప్పే ఏర్పాటు ముందు కావాలి. హాస్కెల్‌లో సగం పని కంపైలర్ చెప్పేది వినడమే మరి.

మొదట జీహెచ్‌కప్ వేసుకోండి. కంపైలర్ జీహెచ్‌సీ, ప్యాకేజీల పని చూసే కబాల్, ఎడిటర్‌కి టైపులు అందించే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్, అంటే హెచ్‌ఎల్‌ఎస్, మూడూ దాంతోనే వేసుకోవచ్చు. వెర్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. జీహెచ్‌సీ కొత్తది వచ్చిన రోజే హెచ్‌ఎల్‌ఎస్ దానికి సిద్ధంగా ఉండకపోవచ్చు. లేటెస్ట్ కదా అని వేసుకుంటే ఎడిటర్‌లో టైపులు కనిపించవు, ఎందుకో తెలియక టెన్షన్. జీహెచ్‌కప్ జాబితాలో 'రికమెండెడ్' అని ఉన్నదే తీసుకోండి. ఏ వెర్షన్‌కి హెచ్‌ఎల్‌ఎస్ పనిచేస్తుందో కూడా అక్కడే పక్కన రాసి ఉంటుంది.

ఇక ఎడిటర్. కొత్తవాళ్లకి నేను వీఎస్ కోడే చెబుతాను. హాస్కెల్ ఎక్స్‌టెన్షన్ పెట్టి ప్రాజెక్టు ఫోల్డర్ తెరిస్తే చాలు. ఈమ్యాక్స్, నియోవిమ్ చేతికి అలవాటైనవాళ్లు మారక్కర్లేదు, వాటిలోనూ ఇదే హెచ్‌ఎల్‌ఎస్ నడుస్తుంది.

అన్నీ సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి నేనొక పరీక్ష పెడతాను. పేర్ల లిస్టు తీసుకుని వాటి పొడవుల లిస్టు ఇచ్చే ఫంక్షన్‌కి టైప్ సిగ్నేచర్ (అది ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైను) రాయండి. లోపల మ్యాప్ (లిస్టులో ప్రతిదానిమీదా ఒక ఫంక్షన్ నడిపేది) అని రాసి, ఫంక్షన్ ఉండాల్సిన చోట ఉత్త అండర్‌స్కోర్ _ పెట్టండి. ఇక్కడ స్ట్రింగ్ (అక్షరాల వరుస) తీసుకుని ఇంట్ (పూర్ణాంకం) ఇచ్చేది కావాలని ఎర్రర్ వస్తుంది. సరిపోయే ఫంక్షన్ల జాబితా కూడా ఇస్తుంది, అందులో లెంగ్త్ ఉంటుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు మొహాలు వెలిగిపోతాయి! పెద్ద ఫంక్షన్లు కూడా నేను ఇలాగే, ఖాళీలు వదిలి ఒక్కోటి పూరించుకుంటూ రాస్తాను.

ఇంకోటి, కామెంట్‌లో >>> పెట్టి పక్కన ఏదైనా ఎక్స్‌ప్రెషన్ రాస్తే పైన 'ఎవాల్యుయేట్' అని కనిపిస్తుంది. నొక్కితే జవాబు కిందే పడుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయేనా? ప్రాజెక్టు పెద్దదైతే హెచ్‌ఎల్‌ఎస్ మెమరీ బాగా తింటుంది, పక్కన బ్రౌజర్ కూడా తెరిచి ఉంటే మెషీన్ మూలుగుతుంది. అప్పుడు హెచ్‌ఎల్‌ఎస్‌ని ఆపేసి జీహెచ్‌సీఐడీ అనే చిన్న టూల్ వాడండి. టెర్మినల్‌లో ఒక మూల దాన్ని నడుపుతూ, ఇష్టమైన ఎడిటర్‌లో రాసుకోండి. సేవ్ కొట్టిన ప్రతిసారీ ఎర్రర్లు అక్కడ మారిపోతాయి. అండర్‌స్కోర్ పద్ధతి దాంతోనూ నడుస్తుంది, ఎందుకంటే ఆ జవాబిచ్చేది జీహెచ్‌సీయే. పోయేదల్లా మౌస్ పెడితే టైపు చూపించడం, పేరు పూర్తిచేయడం లాంటివి. టైపు కావాలంటే, కోడ్ రాస్తే అక్కడికక్కడే జవాబిచ్చే జీహెచ్‌సీఐ తెరిచి అడగొచ్చు.