ఊలు టోపీ మొదలెట్టే ముందు ఇవి చూస్కోండి

- ముందు తల కొలత. చెవుల పైనుంచి టేపు చుట్టి చూడండి, 56 సెంటీమీటర్లు వస్తే టోపీ 51-52కే అల్లాలి, అల్లిక సాగుతుంది కదా, సరిగ్గా తలంత అల్లారంటే నాలుగు రోజులకే కళ్ళ మీదకి జారిపోద్ది.
- ఉండలన్నీ ఒకేసారి కొనండి, డై లాట్ నంబర్ (ఒకే విడతలో రంగేసిన ఊలుకి వేసే నంబరు) ఒకటేనా చూడండి.
- శాంపిల్ ముక్క అల్లి, ఉతికి ఆరాక 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లో లెక్కెయ్యండి, దాన్ని బట్టే టోపీ చుట్టూ మొత్తం ఎన్ని కుట్లో తేలుద్ది. నేను బద్ధకించా, ఆ టోపీ ఇప్పుడు టీ కెటిల్‌కి తొడుగు!
- అంచు రెండు సీదా కుట్లు, రెండు ఉల్టా కుట్లు మార్చి మార్చి అల్లేదైతే మొత్తం కుట్లు 4తో భాగించబడాలి, లెక్కలో 94 వస్తే 92 వేస్కోండి.
- గుండ్రంగా కలిపే ముందు మొదటి వరస మెలి పడిందేమో చూడండి, తర్వాత విప్పడమే గతి.
- గొర్రె ఊలైతే ఉతకడానికి వేణ్ణీళ్ళు వద్దు, ముడుచుకుపోద్ది.