గువ్వలచెరువులో కాపురం, కడపలో ఉద్యోగం

కడపలో ఉద్యోగం చేస్తూ ఘాట్ పైన గువ్వలచెరువులోనో, ఇంకాస్త ముందుకు రామాపురం వైపో ఇల్లు తీసుకోవచ్చా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువగా ఇద్దరూ పనిచేసే జంటలు. ఒకరికి రాయచోటిలో ఉద్యోగం, ఇంకొకరికి కడపలో, మధ్యలో ఇల్లు పెట్టుకుంటే ఇద్దరికీ దూరం సమానంగా పడుతుందని లెక్క. కొందరికి సొంత ఇల్లూ, గేదెలూ, పెద్దవాళ్లూ ఇక్కడే ఉంటారు, వదిలి దిగలేరు. మీరు ఎవరైనా సరే, బాడుగ ఎంత, గాలి ఎలా ఉంది అని చూడకముందే ఒక్క సంగతి తేల్చుకోండి. సాయంత్రం చీకటి పడ్డాక ఇంటికి ఎలా వస్తారు?

పొద్దున పోవడం ఎవరైనా పోతారు. ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, వెలుతురు ఉంటుంది, బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది. కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. ఈ రోడ్డు మామూలు ఊరి రోడ్డు కాదు, కర్నూలు నుంచి నంద్యాల, కడప, రాయచోటి మీదుగా చిత్తూరు, రాణిపేట వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి (పాతవాళ్లు ఇప్పటికీ 18 అనే అంటారు). హైదరాబాదు వైపు నుంచి ఈ దారిన తమిళనాడుకు సరుకు మోసే లారీలన్నీ పాలకొండల్లో ఇదే ఘాట్ ఎక్కి దిగాలి. కాబట్టి ఆఫీసులో ఇంకో అరగంట ఉండిపోతే మీకు ఆలస్యమయ్యేది అరగంటే అని అనుకోకండి. చీకట్లో లోడు లారీ వెనక పడితే దాని వేగమే మీ వేగం. పని ఎన్నింటికి ముగుస్తుందో, ఆ టైముకు వెలుతురు ఉంటుందో లేదో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఎలా ఉంటుందో చూసుకుని అప్పుడు నిర్ణయం తీసుకోండి. రోజూ రాత్రి ఎనిమిది దాటే ఉద్యోగమైతే నేను వద్దనే చెప్తాను.

రైలు మీద ఆశ పెట్టుకోకండి. కడప నుంచి రాయచోటికి రైలు లేదు, కడప–బెంగళూరు లైను పెండ్లిమర్రి దాకా వచ్చి ఆగింది. ఉన్నది రోడ్డే, అందులో బస్సే మేలు. నా మాట వింటే మొదటి రెండు మూడు నెలలు కచ్చితంగా బస్సులోనే తిరగండి, సొంత బండి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏ మలుపులో లారీలు ఇరుక్కుంటాయి, ఎక్కడ రాళ్లు జారతాయి, ఏ వేళకు రద్దీ తక్కువ అనేది కిటికీ పక్కన కూర్చున్నప్పుడే తెలుస్తుంది. ఎక్కేముందు కండక్టరును గువ్వలచెరువులో ఆపుతారా అని అడగండి, దూరం పోయే బస్సులన్నీ ఆపవు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా రూపాయల టికెట్ తప్పకుండా అడిగి తీసుకోండి. సూపర్ లగ్జరీ, నాన్‌స్టాప్ బస్సులకు ఇది వర్తించదు, ఎక్కాక గొడవ పడొద్దు. ఇంట్లో ఇద్దరికీ ఉద్యోగాలుంటే ఈ లెక్కతో నెల ఖర్చు బాగా మారిపోతుంది, అందుకే ఆవిడకు కడప ఉద్యోగం, ఆయనకు రాయచోటి ఉద్యోగం ఉన్న ఇళ్లలో ఒక్క బండితోనే సరిపెట్టుకోవచ్చు.

సొంత బండి మీద పోవాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి, ఇక్కడ మనం పొద్దున దిగుతాం, సాయంత్రం ఎక్కుతాం. దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. ఏ గేరులో ఎక్కుతారో దాదాపు అదే గేరులో దిగాలి, ఇంజనే బండిని పట్టుకోవాలి, బ్రేకు అవసరానికి మాత్రమే. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో వేసి, ఇంజను ఆపి జారుకుంటూ దిగేవాళ్లను రోజూ చూస్తుంటాం, దయచేసి ఆ పని చేయకండి. అలా దిగితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి, కారులో అయితే ఇంజను ఆగితే బ్రేకు పెడలు కూడా రాయిలా గట్టిపడుతుంది. ఆటోమేటిక్ కారుకు మామూలుగా ఎల్ (తక్కువ గేరు) గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉంటుంది, ఘాట్ మొదలయ్యే ముందే అందులో పెట్టండి.

స్కూటర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి అవే. గేర్లు లేని స్కూటర్‌కు ఇంజను పట్టు చాలా తక్కువ. రోజూ బరువుతో ఘాట్ దిగితే బ్రేకు షూలు తొందరగా అరిగిపోతాయి, కాబట్టి మెకానిక్‌తో మామూలుకన్నా ముందే చూపించుకోండి, రెండు బ్రేకులూ కలిపి వాడండి, ఒకదాన్నే పట్టుకుని దిగొద్దు. కుదిరితే గేర్ల బండే కొనండి. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే ఇంకో చిక్కు. వేగం తగ్గిస్తే కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పోయే ఏర్పాటు ఉంటుంది, రీజెన్ అంటారు, దిగేటప్పుడు అది బ్రేకుకు మంచి తోడు. కానీ రాత్రంతా చార్జింగ్ పెట్టి వంద శాతం నింపుకుని పొద్దున్నే దిగితే బ్యాటరీలో చోటే ఉండదు కాబట్టి ఆ పట్టు సరిగ్గా దొరకదు. ఎనభై, తొంభై శాతం దగ్గర ఆపేయండి. సాయంత్రం ఎక్కడానికి చార్జింగ్ బాగా ఖర్చవుతుంది, కాబట్టి కడపలో ఆఫీసు దగ్గర చార్జింగ్ పెట్టుకునే వీలు ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

లారీల దగ్గర ఓపిక కావాలి. పొడవాటి లారీ మలుపు తిరగాలంటే అవతలి లైనులోకి రాక తప్పదు, డ్రైవరు తప్పేం కాదు అది. ఎదురుగా అలాంటి లారీ కనిపిస్తే మలుపుకు ముందే ఆగండి, మలుపు లోపలికి దూరితే మీకూ దారి లేదు, అతనికీ లేదు. దారి ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, ఇది మర్యాదే కాదు, నియమం కూడా. దిగుతున్న లారీ నుంచి కాలిన వాసన వస్తే దాని ముందుకు పోవద్దు, దూరంగా వెనకే ఉండిపోండి. మలుపుల్లో కారిన డీజిల్ మీద తొలి వాన పడితే టైరు నిలవదు, బైకు వాళ్లు ఆ రోజు బస్సెక్కడమే మంచిది.

ట్రాఫిక్ ఆగిపోయే రోజులు వస్తాయి. ఒక్క లారీ మలుపులో మొరాయిస్తే చాలు, రెండు వైపులా బండ్లు నిలిచిపోతాయి. సందు దొరికింది కదా అని కారు ముందుకు దూర్చేవాళ్ల వల్లే అది ఇంకా ముదురుతుంది. బ్యాగులో నీళ్ల సీసా, కాస్త తినడానికి ఏదైనా, ఫోనుకు పవర్ బ్యాంక్ ఎప్పుడూ ఉంచుకోండి. కొండల మధ్య సిగ్నల్ పోయే చోట్లు ఉంటాయి, కాబట్టి ఘాట్ మొదలుకు ముందే ఇంటికి ఒక మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోండి, ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. రాయచోటి నుంచి చక్రాయపేట, వేంపల్లె మీదుగా కడపకు చుట్టుదారి ఉంది గానీ బాగా దూరం, ఉద్యోగానికి రోజూ పోయే దారి కాదు. దానికన్నా కడపలో ఒక రాత్రి తలదాచుకునే చోటు చూసి పెట్టుకోండి, బంధువుల ఇల్లో, ఆఫీసులో స్నేహితులో. ఒక జత బట్టలు ఆఫీసు బీరువాలోనే ఉంచేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు వచ్చే నెలలు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగిపోయిన వానలు ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. గట్టి వాన పడుతున్నప్పుడు కొండ వైపు నుంచి రాళ్లు, మట్టి జారతాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు సెలవు పెట్టండి, లేదా ముందు రోజే కడపలో ఉండిపోండి. ఆ నెలల కోసం సెలవులు దాచుకోవడం తెలివైన పని.

ఇల్లు చూసేటప్పుడు నీళ్ల సంగతి ఇంటి ఓనరును అడిగితే లాభం లేదు, పక్కింటి ఆడవాళ్లను అడగండి, అదీ ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎలా పోస్తుందో అడగండి. మీ సిమ్ ఇంటి లోపల గదిలో పనిచేస్తుందో లేదో నిలబడి చూసుకోండి. హైవేకు మరీ ఆనుకుని ఉన్న ఇల్లు వద్దు, రాత్రంతా హారన్లే.

పిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్తాను, రోజూ ఘాట్ దాటించే బడి వద్దు. పెద్దవాళ్లం మనం ఆలస్యమైతే ఓర్చుకుంటాం, ఏడేళ్ల పిల్ల వ్యానులో గంటలకొద్దీ ఆకలితో కూర్చోలేదు. బడి రాయచోటి, రామాపురం వైపే చూసుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే, డాక్టరు చెప్పిన తేదీకి మూడు నాలుగు వారాల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి మారిపోండి. గుండె జబ్బున్న పెద్దవాళ్లు ఉంటే వాళ్ల మందులు నెలకు సరిపడా ఒక్కసారే తెచ్చి పెట్టుకోండి. 108కి ఫోన్ చేసినా అంబులెన్సు కూడా అదే ఘాట్ రోడ్డు మీద పోవాలి కదా.

ఇంకో చిన్న విషయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు గువ్వలచెరువు ఉన్న రామాపురం మండలం కడప జిల్లా నుంచి బయటికి వెళ్లింది. కడపలో పనిచేస్తున్నా, ఆధార్ చిరునామా ఇక్కడికి మార్చుకున్నాక ఆదాయ సర్టిఫికెట్‌కైనా, రేషన్ కార్డుకైనా రామాపురం వైపే తిరగాలి. కడప ఆఫీసులకు పోయి ఒక పూట సెలవు పాడు చేసుకోకండి.

గువ్వలచెరువు పాలకోవాకు పేరున్న ఊరు కాబట్టి చేరిన వారంలోనే ఆఫీసులో అందరూ పాలకోవా తెమ్మంటారు, అది తప్పదు. పొద్దున హడావిడిలో అంగడి దగ్గర ఆగితే బస్సు పోతుంది, ముందు రోజు సాయంత్రమే తీసి పెట్టుకోండి, డబ్బులు కూడా ముందే అడిగి తీసుకోండి. ఇల్లు మాత్రం మొదట పదకొండు నెలల అగ్రిమెంటు మీద బాడుగకే తీసుకోండి, ఒక ఎండాకాలం, ఒక తుపాను కాలం ఇక్కడ గడిచేదాకా స్థలానికి అడ్వాన్సు ఇవ్వకండి.