ఆక్సిజన్ సెన్సార్ సర్క్యూట్ – ఐదో పాఠం: బల్బు పెట్టకుండా 12 వోల్టులను నమ్మొద్దు

ఈ పాఠంలో సిగ్నల్ వైరు మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చూసి చేతులు పెట్టినవాళ్ళు చెప్పింది విన్నాక, సెన్సార్‌ను వేడెక్కించే హీటర్ సర్క్యూట్ దగ్గరే ఇంకొంచెం ఆగక తప్పదని తేలింది. కడప నుంచి, ఆదోని నుంచి, ఇక్కడే అనంతపురం గుత్తి రోడ్డు షెడ్లలోని కుర్రాళ్ళ నుంచి వచ్చినవన్నీ ఒకటే కథ. స్కానర్‌లో పి0135 వచ్చింది, అంటే సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపమని చెప్పే కోడ్. సెన్సార్ కనెక్టర్ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ సప్లై పిన్ను దగ్గర మీటరు పెట్టారు. 12.4 చూపించింది. సప్లై బాగానే ఉంది కాబట్టి సెన్సారే పోయిందని వేల రూపాయలు పోసి కొత్తది వేశారు. నాలుగు రోజులు తిరక్కుండానే చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ వెలిగింది. ఒక తమ్ముడైతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందని తేల్చేసి, దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ కూడా తీశాడు.

స్క్రూడ్రైవర్ లోపల పెట్టు తమ్ముడూ. ఆ కారులో పోయింది ఈసీయూ కాదు, వైరు.

బ్యాటరీ ఛార్జ్ ఉందా, ఫ్యూజు కాలిందా అన్నవి మళ్ళీ చెప్పను. అవి చూడకుండా మీటరు పట్టేవాళ్ళు మొదటి పాఠానికి వెళ్ళండి. అసలు విషయం ఇది. మనం వాడే డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు కోటి ఓమ్‌లు. అది సర్క్యూట్ నుంచి దాదాపు ఏమీ లాగదు. వైరు మధ్యలో చిలుము పట్టి 10 ఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి. మీటరు ఒక్కటే ఉన్నప్పుడు ఆ అడ్డు దగ్గర పోయేది వోల్టులో లక్షో వంతు మాత్రమే. అందుకే తెర మీద 12.4 అలాగే నిలబడుతుంది. అదే వైరు మీద సెన్సార్ హీటర్ ఒక ఆంపియర్ అడిగిందంటే, ఆ 10 ఓమ్‌లే 10 వోల్టులు మింగేస్తాయి. హీటర్‌కు మిగిలేది రెండో మూడో. ఎండాకాలం మన కొళాయిలు చూడండి: తిప్పగానే ధార వస్తుంది, బిందె పెడితే నిండదు. కాబట్టి సర్క్యూట్‌కు బిందె పెట్టి కొలవాలి. మన బిందె 21 వాట్ల బల్బు.

బ్రేకు లైటుకు, ఇండికేటర్‌కు వాడే మామూలు 12 వోల్టుల, 21 వాట్ల బల్బు చాలు. హోల్డర్‌కు రెండు వైర్లు, ఒకదానికి మొసలి క్లిప్పు, ఇంకోదానికి కనెక్టర్‌లో సరిగ్గా పట్టే సన్నటి పిన్ను. ఇది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది, చల్లటి హీటర్ లాగేదానికి దగ్గరగా. నా టూల్‌బాక్సులో ఖరీదైన టెస్టర్లు లేకపోలేదు, కానీ ఈ పనికి నా చేయి ఈ బల్బు మీదికే వెళ్తుంది. ఎల్ఈడీ టెస్ట్ ల్యాంపు మాత్రం వాడకండి. అది మిల్లీ ఆంపియర్లతోనే వెలిగిపోతుంది కాబట్టి మీటరు చెప్పిన అబద్ధాన్నే మళ్ళీ చెబుతుంది. ఆదోని నుంచి చెప్పిన ఇద్దరిలో ఒకరు సరిగ్గా ఇక్కడే బోల్తాపడ్డారు: "ల్యాంపు ధగధగా వెలిగిందన్నా" అన్నారు. వెలిగింది ఎల్ఈడీ.

పోయినవారం షెడ్డుకు వచ్చిన కారు సంగతి చెబితే మొత్తం అర్థమవుతుంది. తాడిపత్రి వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారిది. చెనక్కాయల మూటలు దించే గోడౌన్ పక్కనే రాత్రిళ్ళు కారు నిలుపుతాడు. పి0135, సెన్సార్ అప్పటికే ఒకసారి మార్చారు. కనెక్టర్ ఊడదీసి సప్లై పిన్ను కొలిస్తే 12.5, బ్యాటరీ దగ్గర ఎంతుందో అంతే. బల్బు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు, పిన్ను సప్లైకి పెట్టాను. ఫిలమెంటు ఎర్రగా మిణుకుమంది, అంతే. బల్బు వెలుగుతుండగానే అదే పిన్ను దగ్గర మీటరు చూస్తే 3.9. అంటే 8.6 వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడానికి వైరింగ్ అంతా చించనక్కరలేదు. బల్బు అలాగే వెలగనిచ్చి, మీటరు ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద పెట్టి ఉంచండి. నల్ల ప్రోబుతో బ్యాటరీ వైపు నుంచి ముందుకు నడవండి. ఫ్యూజు దాటాక 0.1 వచ్చింది. రిలే దాటాక 0.2. ఇంతవరకు బాగే. ఇంజిన్ వైరింగ్‌లోకి దిగే కనెక్టర్ దాటాక ఒక్కసారిగా 8.5. ఆ కనెక్టర్‌కు రిలే వైపు జానెడు దూరంలో, ఎయిర్ ఫిల్టర్ బాక్సు కింద, ఎలుక కొరికిన చోట తీగ బయటపడి ఉంది. వానకు, ఇంజిన్ కడిగిన నీళ్ళకు తడిసి తడిసి రాగి అంతా పచ్చగా చిలుము పట్టింది. పైన ప్లాస్టిక్ తొడుగు ఒకవైపు బాగానే ఉండటంతో పైనుంచి చూస్తే తెలియలేదు. బ్యాటరీ నుంచి పిన్ను దాకా మొత్తం సప్లై దారిలో అర వోల్టుకు మించి పోతే నేను వదలను. 

సెన్సార్ తీగలకు సోల్డర్ పెట్టొద్దని పోయినసారి ఒక్క వాక్యంలో చెప్పాను, కారణం అడిగారు. జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో పనిచేసే చాలా సెన్సార్లకు, పొగలోని ఆక్సిజన్‌ను పోల్చుకోవడానికి బయటి గాలి కావాలి. ఆ గాలి తీగ పోగుల సందుల్లోంచే లోపలికి వెళ్తుంది. సోల్డర్ కరిగి పోగుల్లోకి పాకితే ఆ దారి మూసుకుపోతుంది. కనెక్టర్‌లో గ్రీజు, స్ప్రే కొట్టినా అదే గతి. కారు వైపు వైరుకు ఏదైనా చేసుకోండి, సెన్సార్ వైపు తీగ జోలికి పోకండి.

ఇప్పుడు జాగ్రత్తలు. బల్బును సిగ్నల్ పిన్నులకు పొరపాటున కూడా తాకించొద్దు. హీటర్ రెండో పిన్ను ఈసీయూకు వెళ్తుంది. ఈసీయూ దాన్ని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ గ్రౌండ్ ఇస్తుంది. అక్కడ 21 వాట్లు వద్దు, చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా రెట్లు ఎక్కువ లాగుతుంది. 5 వాట్ల బల్బును హీటర్ రెండు పిన్నుల మధ్య పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఈసీయూ పని చేస్తున్నట్టే. ఇగ్నిషన్ ఆన్‌లో వెలగకపోతే కంగారుపడకండి, చాలా కార్లలో ఇంజిన్ నడిస్తేనే హీటర్‌కు ఆజ్ఞ వెళ్తుంది.

హీటర్ పిన్నులు ఏవో గుర్తుపట్టడానికి సెన్సార్ వైపు ఒకే రంగు జత చూడండి. కొన్ని సెన్సార్లకు ఆ జత తెలుపు, సిగ్నల్ నలుపు, గ్రౌండ్ బూడిద రంగు. మరికొన్నిటికి జత నలుపు, సిగ్నల్ నీలం, గ్రౌండ్ తెలుపు. తెలుపంటే హీటరే అని బట్టీపట్టినవాళ్ళు రెండో రకం దగ్గర సిగ్నల్ గ్రౌండ్‌కు బల్బు పెడతారు. కారు వైపు రంగులు మళ్ళీ వేరే. ప్రోబును కనెక్టర్ ముందు నుంచి బలంగా గుచ్చకండి. ఆడ పిన్ను నోరు తెరుచుకుంటే కొత్త సెన్సార్ వేసినా పట్టు ఉండదు, అదే కోడ్ మళ్ళీ వస్తుంది. వెనక నుంచి రబ్బరు పక్కగా సన్నటి పిన్ను దించండి.

సిగ్నల్ గురించి ఈ వారానికి ఇంతే: నాలుగు తీగల మామూలు జిర్కోనియా సెన్సార్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది, 0.45 సుమారుగా దాని మధ్య. పి0131 (సిగ్నల్ వోల్టేజీ తక్కువ అని చెప్పే కోడ్) వచ్చిందని సెన్సార్ మార్చేముందు కనెక్టర్ ఊడదీసి స్కానర్ చూడండి. చాలా ఈసీయూలు సిగ్నల్ వైరు మీద తామే 0.45 పెట్టి ఉంచుతాయి. ఊడదీయగానే అంకె అక్కడికి ఎక్కితే వైరు బాగున్నట్టు. అలాంటి ఈసీయూలో సున్నా దగ్గరే ఉంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అనుమానించండి. సిగ్నల్ 1 వోల్టు బాగా దాటి నిలబడితే హీటర్ కరెంటు దానిలోకి కారుతోందని అనుమానించండి. వైడ్‌బ్యాండ్ అనే వేరే రకం సెన్సార్ ఉన్న కార్లకు ఈ అంకెలు వర్తించవు, వాటిని ఇలా కొలవొద్దు. సైలెన్సర్ వైపు లీకు ఉంటే బయటి గాలి దూరి సెన్సార్‌ను తప్పుదారి పట్టిస్తుంది. దాని సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

అభ్యాసం. 10 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్ ఒకటి కొని, 21 వాట్ల బల్బుతో వరసగా కలిపి, మధ్యలో ఫ్యూజు పెట్టి బ్యాటరీకి ఇవ్వండి. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, ఇటుక మీదో బండ మీదో పెట్టండి, చేత్తో ముట్టుకోకండి. బల్బు తీసేసి హోల్డర్ దగ్గర వోల్టులు రాయండి. బల్బు పెట్టి మళ్ళీ రాయండి. రెసిస్టర్ రెండు చివరల మధ్య పోతున్న వోల్టులు కొలిచి, వాటి నుంచి ఎంత కరెంటు పోతోందో లెక్క కట్టండి. ఆ కరెంటుతో బల్బు నిరోధం ఎంతో కట్టి, చల్లగా ఉన్నప్పుడు మీటరుతో కొలిచిన నిరోధంతో పోల్చండి. రెండూ ఎందుకు కలవవో ఒక పేరా రాయండి. తర్వాత మీ కారు హెడ్‌లైట్ వెలిగించి, బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ దాకా, బల్బు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా పోయే వోల్టులు విడివిడిగా కొలవండి. రెండు బల్బులకూ చేయాలి, నాలుగు అంకెలూ కాగితం మీద ఉండాలి. ఆ కాగితం లేకుండా ఆరో పాఠం మొదలుపెట్టకండి. సిగ్నల్ గ్రౌండ్ కొలవడం దాని మీదే మొదలవుతుంది.