పవర్ బీఐలో తొలి రిపోర్ట్: ముందు డేటా, తర్వాతే చార్ట్

పవర్ బీఐ అంటే డేటాను చార్ట్‌లు, రిపోర్ట్‌లుగా మార్చే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. దాని డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితమే, కానీ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. తెరిచాక హోమ్ ట్యాబ్‌లో 'గెట్ డేటా' నొక్కి ఎక్సెల్ ఫైల్ ఎంచుకోండి. షీట్‌కు టిక్ పెట్టి, 'లోడ్' కాకుండా 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కండి. కొత్తవాళ్లు తొందరపడేది ఇక్కడే.

ఇప్పుడు పవర్ క్వెరీ, అంటే డేటాను సరిచేసుకునే విండో, తెరుచుకుంటుంది. ప్రతి కాలమ్ పేరు పక్కన దాని రకం చూపే గుర్తు ఉంటుంది. అమ్మకాల కాలమ్ దగ్గర ఏబీసీ కనిపిస్తే అది టెక్స్ట్ అన్నమాట. చార్ట్‌లో కూడిక రాదు, వరుసల లెక్క మాత్రమే వస్తుంది. దాన్ని 'డెసిమల్ నంబర్'గా మార్చండి.

అసలు తలనొప్పి తేదీలది. టెక్స్ట్‌గా వచ్చిన 03-04-2024ను ఏప్రిల్ 3 అనుకుంటాం మనం. సెట్టింగ్ అమెరికాదైతే అది మార్చి 4 అవుతుంది. 25-04-2024 అయితే ఎర్రర్ ఇస్తుంది, అది నయం, కనీసం కంటికి కనిపిస్తుంది. కాలమ్‌పై రైట్ క్లిక్ చేసి, 'చేంజ్ టైప్'లో 'యూజింగ్ లొకేల్' తీసుకుని, తేదీలు ఏ దేశపు పద్ధతిలో ఉన్నాయో అది ఎంచుకోండి. అడిగితే 'రీప్లేస్ కరెంట్' అనండి. కొత్త స్టెప్‌గా చేరిస్తే పాత తప్పు అలాగే ఉంటుంది.

షీట్ అడుగున 'మొత్తం' వరుస ఉంటే తీసేయండి, లేదంటే మొత్తం అమ్మకాలు రెట్టింపు కనిపిస్తాయి. 'క్లోజ్ అండ్ అప్లై' నొక్కండి.

ఇక చార్ట్ తేలికే: బార్ చార్ట్ పెట్టి ఒక అక్షంపై ప్రాంతం, మరోదానిపై అమ్మకాలు వేయండి. నెలల పేర్లు అక్షర క్రమంలో వస్తే, నెల సంఖ్య కాలమ్ చేర్చి 'సార్ట్ బై కాలమ్'లో దాన్ని ఇవ్వండి. లాభ శాతాలకు సగటు తీయకండి. మొత్తం లాభాన్ని మొత్తం అమ్మకాలతో భాగించే మెజర్ (లెక్క కట్టే ఫార్ములా) రాయండి.